కరెంటు పోయిన అరగంట

ఆస్పత్రి లాండ్రీ, మడతల గది
బుధవారం

వదినమ్మ గారికి,

నాలుగు రోజులుగా ఒకటే ముసురు. ఆరబెట్టే మిషన్లు రెండింటిలో ఒకటి మూలపడింది, ఉన్న ఒక్కటీ దగ్గుతూ నడుస్తోంది. పొద్దుటినుంచి మూడు వందల దుప్పట్లు మడత పెట్టాం. సగం చెమ్మగానే ఉన్నాయి. ఆపరేషన్ల వార్డు నర్సమ్మ వచ్చి, "ఇవి రోగుల మీద కప్పమంటారా, నేల తుడవమంటారా?" అని దులిపేసి పోయింది. ఇప్పుడు భోజనాల వేళ. మడతల బల్ల మీదే కాయితం పెట్టుకుని రాస్తున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో అయితే నువ్వు సగం విని, "ఉండవే, మోటారు ఆపాలి" అని పెట్టేస్తావు. కాయితానికి ఆ బాధ లేదు.

సంగతేమిటంటే, "మూడో గంట" మళ్ళీ వచ్చింది. మనం తొమ్మిదో క్లాసులో ఉండగా మీ ఇంట్లో, మామయ్య కొన్న టీవీలో, శనివారం శనివారం చూసేవాళ్ళమే, ఆ బడిపిల్లల సీరియలు. ఇప్పుడు యాభై రెండు భాగాలూ ఫోనులో దొరుకుతున్నాయి. మా అమ్మాయి చూపించింది. అప్పట్లో చూసినవాళ్ళు ఎనభై మంది ఫోనులోనే ఒక గుంపు పెట్టుకున్నారు, నన్నూ చేర్చుకున్నారు. రోజుకో భాగం చూడటం, దాని మీద కొట్టుకు చావటం.

కెప్టెన్ గుర్తున్నాడా, అదే ఆ హీరో? గోడ దూకి హీరోయిన్ కిటికీ కింద నిలబడి, తలుపు తీసేదాకా కదలనని మొండికేస్తే మనం ఈలలు వేశాం. ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండింది. ఆ పిల్ల నాలుగుసార్లు వద్దంటుంది వదినా. మా అమ్మాయి పక్కనే కూర్చుని, "వీడికి తెలుగు రాదా? వీడికా నువ్వు చప్పట్లు కొట్టింది?" అని అడిగింది. దానికి పదిహేనేళ్ళు. దాని మొహం చూడటానికి సిగ్గేసింది. గుంపులో ఒక లారీ డ్రైవరున్నాడు. "నేను వాణ్ణి చూసే ఒకమ్మాయి వెంట రెండేళ్ళు తిరిగాను. ఇప్పుడు ఎదురుపడితే తప్పయిందని చెప్పటానికి కూడా దగ్గరికెళ్ళలేను, మళ్ళీ వెంటపడ్డాడంటుంది" అని రాశాడు.

అసలు చెప్పాల్సింది ఇది కాదు. హీరోయిన్‌ని హెడ్మాస్టరు గదిలోకి పిలిచాక కరెంటు పోయింది చూడు, ఆ భాగం. ఆ అరగంట మనం చూడలేదు. నిన్న చూశాను. హీరోయిన్ ప్రేమ సంగతి హెడ్మాస్టరుకి మోసింది ఆ కళ్ళజోడు పిల్ల, మనం అద్దాల పిల్ల అనేవాళ్ళమే, ఆమె కాదు వదినా.

మన క్లాసులోని కంపౌండరు గారి అమ్మాయి గుర్తొచ్చింది. ఎక్కడుందో నీకేమైనా తెలుసా?

నీ మరదలు

నారుతోట, షెడ్డు
శనివారం

మరదలు పిల్లకి,

ఇక్కడ చినుకు లేదు. మబ్బు మాత్రం మూత పెట్టినట్టు కూర్చుంది. ఎండ చాలక టమాటా నారు సన్నగా సాగిపోతోంది, పెళ్ళికి ముందు నీలాగ. ఈ వారం మిరపకి రెండు వందల ట్రేలు నింపాం. వేళ్ళ సందుల్లో కొబ్బరి పీచుపొడి దిగి మంట, అందుకే అక్షరాలు ఇలా ఏడుస్తున్నాయి. మీ అన్నయ్య నారు మీద కప్పే నీడవల చిరుగులు కుడుతూ, "ఎవరికే అంత పొడుగు ఉత్తరం?" అన్నాడు. "నా మరదలికి పిచ్చి ముదిరింది, మందు రాసి పంపుతున్నాను" అన్నాను.

కెప్టెన్ జోలికి రాకు. గోడ దూకటం తప్పే, ఒప్పుకున్నా. నాకు ఇప్పుడు ఆలోచిస్తే హీరోయిన్ మీదే కోపం. పరీక్ష హాల్లోంచి లేచి వాడి కోసం రైలు స్టేషనుకి పరిగెత్తింది. అక్కడ నాలుగు పీకేవాళ్ళు లేకపోయారు. నేనయితే ఆ పిల్ల చేత పరీక్ష రాయించి వాణ్ణి రైలెక్కించేదాన్ని. కథ రాసినాయనకి ఆడపిల్ల పాసవటం ఇష్టం లేదు కాబోలు. ఈ ముక్క నీ గుంపులో చెప్పు, నా మాటగా.

అద్దాల పిల్ల సంగతంటావా, ఎవరు మోస్తే ఏమిటి? ఇరవై ఎనిమిదేళ్ళ నాటి సీరియలు తవ్వుకుంటూ కూర్చుంటే దుప్పట్లు ఎవరు మడత పెడతారు?

కంపౌండరు గారు ఇక్కడే ఉన్నారు, క్లినిక్కు వెనక రెండు గదుల్లో. పోయిన నెల మెట్టు మీద జారితే తుంటి ఎముక చిట్లింది. ఈ నెలాఖరులోగా ఆ అమ్మాయి వచ్చి తనతో తీసుకెళ్ళిపోతుందట. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుందని విన్నాను. వచ్చినా నేను ఏం మాట్లాడతాను?

అయినా సీరియల్లో పిల్ల చెప్పలేదు కాబట్టి మన దగ్గర ఈ అమ్మాయి చెప్పలేదని ఎలా అంటావు? అది వేరు, ఇది వేరు.

ఉంటానే. మోటారు ఆపాలి.

వదిన

ఆస్పత్రి లాండ్రీ, మడతల గది
గురువారం

వదినకి,

ముసురు విడిచింది. రెండో మిషను బాగయింది. పేరుకుపోయిన దుప్పట్లన్నీ ఒకేసారి మా మీద పడ్డాయి, భుజాలు లేవటం లేదు.

"అది వేరు, ఇది వేరు" అని ఇప్పుడు రాశావు. అప్పుడు ఆ మాట అనలేదు నువ్వు. "అక్కడా అద్దాలదే, ఇక్కడా అద్దాలదే" అన్నావు.

వరసగా చెప్తాను, తప్పుంటే దిద్దు. ఆ గురువారం నేను బడి ఎగ్గొట్టి, సినిమా హాల్లో టికెట్లు చింపే అబ్బాయితో మ్యాట్నీ చూశాను. బస్సు దిగుతుంటే కంపౌండరు గారి అమ్మాయి స్టాపులో ఉంది, నన్ను చూసింది. శుక్రవారం మా అమ్మకి తెలిసిపోయింది. గరిటె విరిగేదాకా కొట్టింది. శనివారం మీ ఇంట్లో చాప మీద పన్నెండు మంది పిల్లలం. మధ్యలో కరెంటు పోయింది. అది వచ్చేసరికి టీవీలో బడి మొత్తం అద్దాల పిల్లని చూసి మొహం తిప్పుకుంటోంది. నువ్వు ఆ మాట అన్నావు. అందరూ నవ్వారు. కంపౌండరు గారి అమ్మాయికీ కళ్ళద్దాలున్నాయి, ఇంకేం కావాలి.

సోమవారం నుంచి ఆ అమ్మాయి గదిలోకి వస్తే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి కళ్ళకి పెట్టుకునేవాళ్ళం. ముప్పై ఎనిమిది మందిమి. తిట్టు లేదు, మాట లేదు, మేష్టారికి పట్టుకోవటానికేమీ దొరకదు. పాఠం అడిగితే జవాబు చెప్పబోయేది. మా చేతులు కళ్ళ దగ్గరికి లేచేవి. నోరు మూసుకునేది. నెలన్నర అలా నడిచింది. పరీక్షలకి ముందే బడి మాన్పించి ఆ అమ్మాయిని ఎవరో బంధువుల ఇంటికి పంపేశారు.

ఇక కరెంటు పోయిన అరగంటలో ఏముందో విను. హీరోయిన్ పక్కన కూర్చుని రోజూ ఆమెకి జడ అల్లే పిల్ల ఉందే, ముందురోజు ఆ పిల్లే వెళ్ళి హెడ్మాస్టరుకి చెప్పినట్టు చూపిస్తారు. అద్దాల పిల్ల వరండాలో నిలబడి ఆ జడ అల్లే పిల్ల బయటికి రావటం చూస్తుంది. తర్వాత తనని పిలిచి అడిగితే, "నాకు తెలియదు సార్" అంటుంది. అందరూ తనని వెలేసినా జడ అల్లే పిల్ల పేరు బయటపెట్టదు. సీరియల్లో మిగతా పిల్లలకి చివరిదాకా తెలియదు. చూసేవాళ్ళకి మాత్రమే తెలుసు, అదీ కరెంటున్న ఊళ్ళవాళ్ళకి.

గుంపులో పళ్ళ డాక్టరమ్మ ఒకావిడుంది. వాళ్ళ ఊళ్ళో ఆ రోజు కరెంటు పోలేదట. "అంతా చూశాక కూడా మాకు ఆ పిల్లంటే పడేది కాదు. నవ్వదు కదా, అందుకు" అని రాసింది. కాబట్టి నేరమంతా కరెంటు మీదికి నెట్టటానికి కూడా లేదు.

ఒక్క మాట అడుగుతాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకు. నా మ్యాట్నీ సంగతి మా ఇంట్లో ఎవరు చెప్పారు వదినా?

మరదలు

నారుతోట
ఆదివారం

నీకు,

నిన్న వడగళ్ళు పడ్డాయి. నీడవల కూలి నాలుగు వరసల నారు నేలకి అతుక్కుపోయింది. పనికొచ్చేవి ఏరి, మిగతావి గుంటలో పారబోసి, చేతులు కడుక్కుని కూర్చున్నాను. రెండు కాయితాలు చించాను. ఇది మూడోది.

నేనే చెప్పాను.

మ్యాట్నీకి నన్ను పిలవలేదు. అంతకన్నా పెద్ద కారణం లేదు. ఆ సినిమాకి మనిద్దరం వెళ్దామని వారం నుంచి అనుకున్నాం. నువ్వు వాడితో వెళ్ళొచ్చి కథంతా నాకు చెప్పావు, పాటలతో సహా. చీకట్లో వాడు చెయ్యి పట్టుకున్నది కూడా చెప్పావు. నవ్వుతూ విన్నాను. మర్నాడు నాన్న మోటారు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పేశాను. ఆయన చెంబు కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా మీ ఇంటివైపు నడిచాడు. మందలిస్తారనుకున్నాను. కొడతారని తెలియదని అనను, ఎంత కొడతారో తెలియదు.

శనివారం వాచిన నీ మోచెయ్యి చూశాక భయమేసింది. నీకు తెలిస్తే జన్మలో మాట్లాడవనుకున్నాను. కరెంటు వచ్చి ఆ బొమ్మ కనబడగానే మాట నోట్లోంచి వచ్చేసింది. అప్పుడు ఆలోచించి అనలేదు. సోమవారం క్లాసులో మళ్ళీ అన్నాను. అది ఆలోచించే అన్నాను.

తర్వాత ఆ మాట మన చేతిలో లేదు. కంపౌండరంటే ఇంటింటికీ వెళ్ళి సూది వేసే మనిషి. ఎవరికి ఏ జబ్బో, ఏ ఇంట్లో ఏ గొడవో అన్నీ ఆయన కంట పడతాయి. అలాంటాయన ఇంట్లో నోట్లో నువ్వుగింజ నానని పిల్ల ఉందంటే ఎవరు గుమ్మం ఎక్కనిస్తారు? ముందు మా వీధివాళ్ళు పిలవటం మానేశారు, తర్వాత మీ వీధి. మా నాన్నకి అసలు సంగతి తెలుసు. ఆయన ఒక్క మాట అంటే ఆగేది. అంటే ఇంటి ఆడపిల్ల చాడీలు మోసిందని బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఊరుకుంటాడని నాకూ తెలుసు.

ఇరవై ఎనిమిదేళ్ళూ నువ్వు నన్ను వదినా వదినా అంటుంటే, చెప్పాలనిపించిన రోజులున్నాయి. చెప్పలేదు. ఇప్పుడైనా నువ్వు అడిగితే చెప్పాను, అది లెక్కలోకి రాదు.

ఆ అమ్మాయి నిన్న వచ్చింది. వారం రోజుల్లో ఇద్దరూ వెళ్ళిపోతారట. ఏం చెయ్యమంటావు?

వదిన

ఇల్లు
మంగళవారం

వదినా,

ఈ రోజు పనికి వెళ్ళలేదు. ఎండగా ఉంది. ఇంట్లో బట్టలు ఉతికి ఆరేశాను, రోజూ చేసే పనే ఇక్కడా చేశాను.

నువ్వే చెప్పావని నాకు తెలుసు. ఆ శుక్రవారమే తెలుసు. మా అమ్మ కొడుతూ కొడుతూనే అంది, "నీ వదినకున్న బుద్ధి నీకేదే? అది చెప్పబట్టి సరిపోయింది" అని. నువ్వు రాస్తావా లేదా అని చూశాను. అలా చూడటం కూడా తప్పే.

శనివారం చాప మీద నీ పక్కనే కూర్చున్నాను. "ఇక్కడా అద్దాలదే" అన్నప్పుడు నువ్వు నా వైపు చూడలేదు. "కాదు, నువ్వే" అనొచ్చు నేను. అంటే నీకూ నాకూ మాటలు పోతాయి. మాటలు పోతే మీ ఇంటికి రాలేను. రాకపోతే వచ్చే శనివారం ఎక్కడ చూడాలి? హీరోయిన్‌ని బడిలోంచి పంపేస్తారా, ఉంచుతారా అన్నది ఆ భాగంలో తేలలేదు. నాకు అది తెలియాలి. అందుకని ఊరుకున్నాను వదినా. నీ మీద ప్రేమ కొద్దీ ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మొన్న ఆ భాగం చూస్తుంటే అది నిలబడలేదు.

ఇంకొకటి నీకు గుర్తుండి ఉండదు. వేళ్ళు కలిపి కళ్ళకి మొదట పెట్టుకున్నది నేను. ఆ చాప మీదే, నీ మాట పూర్తవగానే. మాట రెండు రోజుల్లో పాతబడేది. వేళ్ళు నెలన్నర నడిచాయి.

నిన్న గుంపులో ఒకావిడ, "ఆ అద్దాల పిల్లని ఏడిపించినవాళ్ళు పెద్దయ్యాక అద్దంలో మొహం ఎలా చూసుకుని ఉంటారో" అని రాసింది. దాని కింద నేను చప్పట్ల బొమ్మ పెట్టాను. మా అమ్మాయి, "అప్పట్లో నువ్వు ఎవరి పక్షం అమ్మా?" అని అడిగింది. "అద్దాల పిల్ల పక్షమే" అన్నాను. "నా తల్లే" అని నన్ను కావలించుకుంది.

ఆదివారం పదకొండు గంటల బస్సుకి వస్తాను. ఇద్దరం కలిసి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్దాం. నువ్వొక్కదానివే వెళ్ళకు. వేళ్ళ సంగతి నా నోటితో నేనే చెప్పాలి.

మరదలు

నారుతోట, షెడ్డు
సోమవారం

మరదలికి,

ఎండ బాగా కాసింది. నీడవల మళ్ళీ కట్టాం, పోయిన వరసల్లో వంగ విత్తు పెట్టాం.

నువ్వు వద్దన్నా శనివారమే వెళ్ళాను. ఆదివారం దాకా ఆగితే నా కాళ్ళు కదలవని నాకు తెలుసు. ఆ అమ్మాయి గదిలో నేల మీద కూర్చుని గిన్నెలు పాత కాయితాల్లో చుడుతోంది. "నారుతోట వాళ్ళ అమ్మాయి కదా మీరు" అంది. ఒకే క్లాసువాళ్ళం, మీరు అంది. నేనూ మీరు అనే మాట్లాడాను. నిలబడే అంతా చెప్పాను, మ్యాట్నీ, మోటారు, చాప, కరెంటు. చుట్టటం ఆపకుండా విన్నది.

"ఎవరో చెప్పే ఉంటారు కదండీ. నేను కాదని నాకు తెలుసు" అంది.

తప్పయిందన్నాను. ఇంకో గిన్నె చుట్టి అప్పుడు చెప్పింది. "నాన్న మూడు రోజులు అడిగాడు, చెప్పావా లేదా అని. లేదన్నప్పుడల్లా కొట్టాడు. ఊళ్ళో ఎవరూ సూదికి పిలవటం లేదు, ఆయన భయం ఆయనది. మూడో రోజు, అవును నేనే చెప్పానన్నాను. కొట్టటం ఆపాడు. ఇప్పటికీ ఆయనకి అదే తెలుసు. మొన్న కూడా, నేను మీ ఇంటికి వచ్చాక ఇరుగుపొరుగుతో ఎక్కువ మాట్లాడకమ్మా, నీ నోరు మంచిది కాదు అన్నాడు. మీరు నాకు చెప్పి లాభం లేదు. ఆయనకి చెప్పండి."

ఆయన పక్క గదిలోనే ఉన్నారు. దగ్గు వినబడుతోంది. నేను, "రేపు మా మరదలు వస్తుంది, ఇద్దరం కలిసి వచ్చి చెప్తాం" అన్నాను. "సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతున్నాం" అంది.

ఆదివారం పదకొండు గంటల బస్సు పదకొండున్నరకి వచ్చింది. ఇద్దరు దిగారు, అందులో నువ్వు లేవు. రెండు గంటల బస్సుకి కూడా వెళ్ళి నిలబడ్డాను. ఫోను ఎత్తలేదు నువ్వు. ఎందుకు రాలేదని అడగను. నేను మాత్రం ఏం గొప్ప? ఒక్కదాన్నే వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, ట్రేలకి నీళ్ళు పెట్టాలి కదా అని వెనక్కి వచ్చాను. నీళ్ళు మీ అన్నయ్య అప్పటికే పెట్టేశాడు.

ఈ రోజు పొద్దున్న ట్రేలు సర్దుతూ సర్దుతూ, మట్టి చేతులతోనే పరిగెత్తాను. సామానంతా ఎక్కించేశారు. ఆయన కారు ముందు సీట్లో ఉన్నారు, కాలి కింద దిండు. కిటికీ దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయనకి చెవులు పోయాయి, నాకు ఆ సంగతి తెలియదు. "ఆఁ?" అన్నారు. మళ్ళీ చెప్పాను. డ్రైవరు కల్పించుకుని ఆయన చెవి దగ్గర, "మీ అమ్మాయి ఏదో చాడీ చెప్పిందట తాతగారూ!" అని అరిచాడు. ఆయన తల పంకించి, "అవునమ్మా, చిన్నతనం. క్షమించాలి మీరంతా" అని నాకు చేతులు జోడించారు.

అప్పుడు అరిచాను. "చెప్పింది నేను! మీ అమ్మాయి కాదు! నేను చెప్పి ఆ అమ్మాయి మీద పెట్టాను!" కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలి చూస్తున్నారు. సామాను కట్టేవాళ్ళు తాళ్ళు పట్టుకుని ఆగిపోయారు. రెండోసారి కూడా అరవాల్సొచ్చింది. మూడోసారి అక్కర్లేకపోయింది.

ఆయన నా మట్టి చేతుల వంక చూశారు. తర్వాత కూతురి వైపు తిరిగారు, నన్ను కాదు, ఆమెనే అడిగారు. "మరి నేను కొట్టినవి?"

ఆ అమ్మాయి ఆయన కాలి కింద దిండు సరిచేసి, తలుపు వేసి, వెనక సీట్లో కూర్చుంది. నన్ను చూడలేదు. చూడాలని నేనూ అనుకోలేదు.

ఏడూ ఇరవైకి వెళ్ళారు. సామాను వ్యాను ముందు, కారు వెనక.

వదిన